నారికురుపు, అవ్వ ప్రార్థన

దగ్గరికి జరిగి కూర్చోండి, చెబుతాను. ఇందాక మా కోడలు కొత్త కుండలో నీళ్లు పోయగానే ఆ తడిమట్టి వాసనకు మా ఊరి దిగుడుబావి మెట్ల మీద నిలబడినట్టయింది నాకు.

ఎర్రగుంట్లకు అవతల, నాపరాళ్ల నేలలో ఉండేది మా ఊరు. ఎండాకాలం వస్తే వేపపూత రాలి వాకిళ్లు తెల్లబడేవి, కొర్రన్నంలో మజ్జిగ పోసుకుని ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ, కొరుక్కుంటూ మధ్యాహ్నాలు గడిపేవాళ్లం, ఆడవాళ్లు మోకాళ్లలోతు బావినీళ్లలో దిగి కడవలు ముంచుకునేవాళ్లు. ఆ ఎండల్లోనే నారికురుపులు లేచేవి. కాలి మీద బొబ్బ పగిలి, అందులోంచి తెల్లటి దారంలాంటి పురుగు తల బయటపెట్టేది. దాన్ని పుల్లకు చుట్టి, తెగకుండా రోజుకింత లాగాలి. తెగిందా, కాలు వాచి మనిషి మంచం పట్టినట్టే. మా ఇంట్లో అది రాని ఏడాది లేదు.

మాది కిరస్తానపు ఇల్లు. నాయనను కన్నతల్లి మా అవ్వ. దీపం పెట్టగానే మమ్మల్నందరినీ మోకాళ్ల మీద కూర్చోబెట్టి, ఒక్కొక్కరి పేరూ, ఎద్దుల పేర్లు కూడా విడిచిపెట్టకుండా చెప్పి, ఈ కురుపు రానీయొద్దని ప్రభువును అడిగేది. వచ్చిందంటే ఆ మనిషిలో ఏదో పాపం ఉన్నట్టేనని అందరి నమ్మకం.

ఒకనాడు ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టరు ఒకాయన వచ్చి, గాజుగ్లాసులో బావినీళ్లు పట్టి, భూతద్దంలో చూడమన్నాడు. నలుసుల్లాంటివి గెంతుతున్నాయి. అవి కడుపులోకి పోతే ఏడాదికి నారిపురుగు బయటికొస్తుందని, నీళ్లు గుడ్డలో వడగట్టుకోమని చెప్పాడు.

"ఏమప్పా, పురుగుల్ని ఆ అద్దంలోనే పెట్టుకోనొచ్చినావా?" అన్నాడు పొరుగింటి యోనా మామ. అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు. అద్దం తీసుకుని ముందు తన అరచెయ్యి చూసుకుంది. "ఈడ గీతలే ఉండాయి, పురుగు యాడా లేదు" అంది. తర్వాత నీళ్లు చూసింది. కొంగులో వాటిని వడగట్టి మళ్లీ చూస్తే నలుసులు లేవు. ఆనాటి నుంచి మా కడవ మూతికి గుడ్డ కట్టింది. ప్రార్థన మాత్రం మానలేదు.

"రెండూ చేస్తే ఏది పన్జేసిందో ఎట్ల తెలుస్తాదవ్వా?" అన్నాను.

"తెలిసేదాకా రెండూ చేస్తాం లేమ్మా."

మరుసటి ఎండాకాలం ఇంట్లో ఎవరికీ కురుపు లేవలేదు. మేం సంబరపడుతుండగానే, రేపోమాపో తొలివాన పడుతుందనగా, నాయన మడమ మీద బొబ్బ లేచింది. మా ఇంట్లో విత్తనం వేసే గొర్రు పట్టేది ఆయనొక్కడే. వాన పదును ఆరిపోతే చేను బీడు, ఏడాదంతా మాకు పస్తులు.

యోనా మామ వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. "గుడ్డ కట్టినా వచ్చె, ప్రార్థన జేసినా వచ్చె. ఏం పాపం జేసినావురా? ఒప్పుకో, తగ్గిపోతాది." నాయన తల వంచుకున్నాడు. ఆ ముఖం చూస్తే చెయ్యని పాపమైనా ఒప్పుకునేటట్టున్నాడు.

పుల్లకు పురుగును చుడుతున్న అవ్వ చెయ్యి ఆగింది.

"నేను అందరి పేర్లూ ఒక్క నోటితోనే చెప్పినా. ఆ ప్రభువు, ఇంట్లో ఉండేటోళ్లను కాపాడి, చేన్లో ఉండేటోణ్ని మరిచిపోతాడా? పోయినేడు చేన్లో నీళ్లు యాడ తాగినావురా?"

"చేనికి పోయే దోవలో ఆ దిగుడుబావిలోనేమ్మా, దోసిలి పట్టి."

"గుడ్డ?"

"గుడ్డ ఇంట్లో కదమ్మా ఉండేది!"

దప్పి చేను దగ్గర కూడా అవుతుందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

"పాపం లేదు, గీపం లేదు. దప్పయింది, తాగినావు" అంది అవ్వ. తర్వాత యోనా మామ వైపు తిరిగి, "నువ్వు యాడ తాగుతాండావప్పా?" అంది. మామ వంగి తన మడమలు తడిమి చూసుకున్నాడు.

వాన పడిన మర్నాడు మా చేన్లో గొర్రు పట్టింది యోనా మామే. నడుముకు మడతపెట్టిన గుడ్డముక్క దోపుకుని వచ్చాడు, ఎవరూ ఏమీ అనకముందే "ఏం, గుడ్డ ఎన్నడూ చూల్లేదా?" అని కసిరాడు. అవ్వ సాయంత్రపు ప్రార్థన అలాగే సాగింది, ఒక్క మాట మారిందంతే: కురుపు రానీయొద్దని కాక, గుడ్డ మరిచిపోనీయొద్దని అడిగేది.

ఇప్పుడా బావిని రాళ్లతో పూడ్చేశారు. నారికురుపంటే ఏమిటని మనవళ్లు అడుగుతున్నారు, చిన్నప్పుడు నాకూ లేచిన కురుపు మచ్చ మడమ మీద చూపించాల్సి వస్తోంది. ఆనాడు నాయనను అడగాల్సిన ప్రశ్న అవ్వకు తట్టించింది ఆమె ప్రార్థనా, ఆ భూతద్దమా అన్నది మాత్రం నాకింకా తేలలేదు. మీ ఇంటివాళ్లంతా తమ కాళ్ల మీద చేనికి పోయి, తమ కాళ్ల మీదే తిరిగి రావాలి తల్లీ, చల్లగా ఉండండి.