నిమిషానికి నూట ఇరవై

మా బావ కుదురుగా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. ఏ ఫోటోలో చూసినా ఆయన చెయ్యి మసకగానే పడింది. కాలేజీ ఫిజిక్స్ లాబులో మెకానిక్కు. కాలుకాలిన పిల్లిలా బల్లల మధ్య తిరుగుతాడని అక్కడివాళ్ళు ఆయనకి 'పిల్లిగారు' అని పేరు పెట్టారు. మొదట్లో చాటుగా అనేవారు, ఇప్పుడు మొహం మీదే పిలుస్తున్నారు. ఈయన పలుకుతాడు కూడా. అది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

నేను అదే కాలేజీ ఆఫీసులో గుమాస్తాను. అందుకే ఆ కాగితం నేనే టైపు చేయాల్సి వచ్చింది. మూడు వారాల తర్వాత వచ్చే శుక్రవారానికి లాబులోని పెద్ద కాయిల్ పనిచేయకపోతే, ఆ పై సోమవారం నుంచి బావని రికార్డు గదికి మారుస్తారు. అక్కడ ఒక కుర్చీ, ఒక బల్ల ఉంటాయి. ఎవరైనా పాత ఫైలు అడిగితే తీసివ్వాలి. ఎవరూ అడగరు. ఆ మనిషిని అక్కడ కూర్చోబెట్టడం కన్నా జైల్లో పెట్టడం నయం. సంతకం కాని ఆ కాగితాన్ని సొరుగులో పెట్టి, ఇంటికి రాగానే బావకి చెప్పేశాను. నా నోట్లో నువ్వుగింజ నానదు.

కాయిల్ అంటే పెద్ద తీగచుట్ట. కరెంటు ఊరికే ఇస్తే ఉలకదు, పలకదు. ఇచ్చి ఆపి, ఇచ్చి ఆపి చేస్తుంటేనే రెండు ఇత్తడి గుండ్ల మధ్య మెరుపు దూకుతుంది. అలా ఒకసారి ఇచ్చి ఆపితే ఒక పల్సు. ఆ పని చేసే పాత స్విచ్చు మాడిపోయింది. కొత్తది చేయమని హెడ్ మేడం బావని పిలిచారు.

"పల్సు నూట ఇరవై దాకా రావాలి. చేయగలరా?"

"చేస్తానండీ," అన్నాడు బావ, ఇంకొక్క ముక్క అడక్కుండా.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. అక్క ఆస్పత్రిలో నర్సు. రోజుకోసారి బావ మణికట్టు పట్టుకుని, గడియారం చూస్తూ నిమిషం పాటు లెక్కపెడుతుంది. "తొంభై ఎనిమిది. డెబ్బై రెండు ఉంటే చాలు కదండీ, ఎవరు తరుముతున్నారని ఆ పరుగు?" అంటుంది. పదిహేనేళ్ళుగా మా ఇంట్లో పల్సంటే అదే.

మూడు వారాలు బావ దానిమీదే పడ్డాడు. ఫైబరు పలకని గుండ్రంగా కోసి, అంచున ఒకే ఒక ఇత్తడి ముక్క బిగించాడు. పలక ఒక చుట్టు తిరిగితే ఆ ముక్క కరెంటు తెచ్చే కార్బన్ బ్రష్షుకి ఒకసారి తగులుతుంది. మోటారేమో మరీ జోరుగా తిరుగుతోంది. దాన్ని నెమ్మది చేయడానికి పుల్లీలు, బెల్టులు కట్టాడు. కంచం ముందు నుంచి రెండుసార్లు లేచి వెళ్ళి చూసొచ్చేవాడు.

"అంత భయమెందుకు బావా?" అన్నాను.

"భయం కాదే. ఆ కుర్చీ తలుచుకుంటే కాళ్ళు లాగేస్తున్నాయి."

ఆ శుక్రవారం పొద్దున, ఏదో సంతకం వంకతో నేనూ లాబుకి వెళ్ళాను. బావ స్విచ్చు వేశాడు. టక్. టక్. టక్. ఒక్కో మెరుపూ తీరిగ్గా వస్తోంది.

"ఏమిటిది? నూట ఇరవై అన్నాను కదా?" అన్నారు మేడం.

"నూట ఇరవయ్యేనండీ. గడియారం పెట్టి చూసుకోండి, నిమిషానికి ఒక్కటి కూడా తేడా రాదు."

"సెకనుకండీ! నేనన్నది సెకనుకి!"

"పిల్లిగారు నాడి చూపిస్తున్నారు," అన్నాడెవరో. అందరూ గొల్లుమన్నారు. బావ మొహం తెల్లబోయింది. అంతకన్నా నన్ను భయపెట్టింది ఆయన చెయ్యి. మొదటిసారి అది కదలకుండా వేలాడింది.

"పన్నెండింటిదాకా చూస్తాను," అని మేడం వెళ్ళిపోయారు.

బావ కాసేపు బెల్టుల వంక చూసి, వాటిని పీకి పారేశాడు. సుద్దముక్క తీసి బల్లమీద లెక్క వేశాడు. మోటారు సెకనుకి ఇరవై అయిదు చుట్లు తిరుగుతుంది. అంచున అయిదు ముక్కలుంటే నూట ఇరవై అయిదు. అంటే చక్రాన్ని అయిదు సమభాగాలు చేయాలి. కోణమాపకం పెట్టి ముక్కకీ ముక్కకీ ఎంత కోణమో చూసి, ఒక్కసారి నవ్వాడు. మతి పోయిందేమోననుకున్నాను.

"డెబ్బై రెండు డిగ్రీలు," అన్నాడు.

తర్వాత ఆయన చేతులు ఆగలేదు. ఇత్తడి కోయడం, రంధ్రాలు వేయడం, మరలు బిగించడం, అన్నీ ఒక్క ఊపులో. ఊరంతా కలిసి అదుపులో పెట్టుకోమన్న చేతులే అవి. ఆ పూట మాత్రం ఎవరూ ఆ మాట అనలేదు.

పన్నెండుకి పది నిమిషాలుందనగా మేడం వచ్చారు. మోటారు వేగం అందుకుంది. టకటకలన్నీ కలిసిపోయి ఒకటే రొద అయింది. గుండ్ల మధ్య ఊదారంగు మెరుపు తెగకుండా నిలిచింది. నవ్వినవాళ్ళు నాలుగడుగులు వెనక్కి వేశారు.

"దీనికో మూత పెట్టండి," అన్నారు మేడం. "పక్క లాబుకి ఇంకొకటి కావాలి. వచ్చే నెలకి ఇస్తారా?"

నా సొరుగులో కాగితం ఊసు ఎవరూ ఎత్తలేదు. సాయంత్రం దాకా ఆగి నేనే చింపేశాను. అడిగితే చెబుదామని ఒక అబద్ధం కూడా తయారుగా పెట్టుకున్నాను.

ఇంటికి రాగానే అక్క ఆయన మొహం చూసి మణికట్టు అందుకుంది.

"నూట ఇరవై! ఏం చేసొచ్చారండీ? డెబ్బై రెండు మీకు ఈ జన్మకి రాదు."

"వచ్చిందే," అన్నాడు బావ. "ఇవాళ వచ్చింది. అయిదుసార్లు."

అక్కకి ఏమీ అర్థం కాలేదు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అక్క ఆయన చెయ్యి వదలకుండా, మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.