బిళ్ళ తీసి ఇచ్చేసిన హవల్దారు గారు

హవల్దారు గారు పోయారని, ఒకప్పుడు క్యాంపులో నా గదివాడైన గవర్రాజు ఫోన్ చేసి చెప్పాడు. వాడికి చెవులు సరిగా వినపడవు. అందుకని ఎదుటివాడికీ వినపడదనుకుని అరుస్తాడు. బెహ్రయిన్‌లో, జింజ్ పేటలో నేను పనిచేసే కొట్లో సామాన్లు కొనుక్కునేవాళ్ళు కూడా తలలు తిప్పి చూశారు.

"మొన్న పొద్దున్నే పోయార్రా! గుండెపోటంట! వాళ్ళబ్బాయి ఇంటికాడ నుంచి క్యాంపుకి ఫోన్ చేశాడు!"

తర్వాత గొంతు తగ్గించి, "ఎంత లెక్కగల మనిషిరా! అన్నేళ్ళలో ఒక్కసారే తప్పారు. అదీ నా విషయంలోనే" అన్నాడు.

ఆయన తప్పలేదు. తప్పింది నేను. ఇన్నేళ్ళూ ఆ తప్పు ఆయన పేరు మీదే నడిచింది, నేను నడవనిచ్చాను. మనిషి వెళ్ళిపోయాక కూడా నడవనివ్వడం నా వల్ల కాదు. అందుకే ఇది రాస్తున్నాను. క్యాంపులో అప్పుడున్నవాళ్ళు చదివితే మరీ మంచిది.

ఆయన విశాఖపట్నం వైపు మనిషి. మిలిటరీలో హవల్దారుగా చేసి, రిటైరై, ఇక్కడి అస్కర్‌లో మా కాంట్రాక్టరు క్యాంపుకి స్టోర్‌కీపరుగా వచ్చారు. క్యాంపులో ఎనభై మందిమి, గదికి పదిమంది చొప్పున ఎనిమిది గదులు. ఆయన మంచం మాత్రం స్టోర్లోనే. దుప్పటి మడతపెడితే అంచులు తాడు పట్టి కొలిచినట్టుండేవి. టోపీ లోపల ఎప్పుడూ దారం ఎక్కించిన సూది ఒకటి గుచ్చి ఉండేది. ఎవడి చొక్కా గుండీ ఊడినా, "ఇటు రా" అని నిలబెట్టి, ఒంటి మీదుండగానే కుట్టేసేవారు. కదిలితే గుచ్చుకుంటుందని మేం ఊపిరి కూడా బిగబట్టేవాళ్ళం. ఆయనకది భలే సరదా.

కువైట్ యుద్ధం వచ్చిన చలికాలంలో క్యాంపంతా బెంబేలెత్తిపోయింది. రాకెట్లు పడతాయన్నారు, విషవాయువన్నారు. మొదటిసారి సైరన్ మోగినప్పుడు మేం చేసిన నిర్వాకం చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. సగంమంది మంచాల కింద దూరారు. ఇద్దరు గేటు దాకా పరుగెత్తి, అక్కడి నుంచి ఎటు పోవాలో తెలియక తిరిగొచ్చారు. ఆ సాయంత్రం డ్యూటీ దిగాక హవల్దారు గారు అందరినీ మెస్ హాల్లో కూర్చోబెట్టి తన కొండల కథ చెప్పారు.

ఏ కొండలో, ఏ ఊళ్ళో ఎప్పుడూ చెప్పేవారు కాదు. మిలిటరీ మనిషి కదా, నోరు గట్టి. మంచుకొండల్లో యుద్ధం జరుగుతున్నప్పుడు అక్కడి ఊళ్ళవాళ్ళే కాపలా దళాలు కట్టుకున్నారట. గొర్రెలు కాసేవాళ్ళు, మూటలు మోసేవాళ్ళు, ఇంటి ఆడవాళ్ళు. వాళ్ళకి తర్ఫీదు ఇవ్వడానికి ఈయన్ని పంపారు. "నేన్నేర్పింది తక్కువ, నేర్చుకున్నది ఎక్కువ" అనేవారు. ఆ దళాలకి యూనిఫారం లేదు. ఎవరి ఉన్ని కోటు వారిదే. టోపీకి ఎడమ పక్క ఒక గుడ్డ బిళ్ళ, అంతే. ప్రతి బిళ్ళ పైనా తెల్లదారంతో కొండ కొమ్ము. కింద ఆ మనిషి చేసే పని గుర్తు. గంట ఉంటే హెచ్చరించేవాడు. తాడు ఉంటే బయట చిక్కుకున్నవాళ్ళని తెచ్చేవాడు. కుండ ఉంటే నీళ్ళు, నిప్పు చూసేవాడు. ముడులు ఉంటే మనుషుల్ని లెక్కపెట్టేవాడు. దళానికంతటికీ పెద్దయితే రెండు కొమ్ములు.

"బిళ్ళ మనిషిది కాదు, ఊరిది. పని తప్పితే అందరి ముందూ తీసి ఇంకోడి చేతిలో పెట్టాల. కోపం లేదు, తిట్లు లేవు. ఇచ్చేయాల, అంతే" అన్నారు.

వారం తిరక్కుండా పాత కంబళి కత్తిరించి, గదికి నాలుగు చొప్పున బిళ్ళలు ఆయనే కుట్టారు. రెండు కొమ్ములది తన టోపీకి పెట్టుకున్నారు. మా గది ముడుల బిళ్ళ నాకిచ్చారు. కొండ కొమ్ము చూసి నాకు నవ్వొచ్చింది.

"బెహ్రయిన్‌లో కొండెక్కడుందండీ?"

"ఆ సిమెంటు బస్తాల గుట్ట ఏటనుకున్నావ్? ఎక్కి చూడు, ఆయాసం వొస్తాది."

క్యాంపు బాస్ మాత్రం నవ్వలేదు. బిళ్ళలు చూసి, "ఏ క్యా హై భాయ్? యూనియన్?" అని కంగారుపడ్డాడు. "యూనియన్ నహీ సాబ్, గిన్తీ" అని ఆయన ఒక్క మాటలో తేల్చేశారు. లెక్కే కదా అని బాస్ ఊరుకున్నాడు. కంచె దాటి పెట్టుకోకూడదని మాత్రం షరతు పెట్టాడు.

పద్ధతి ఇదీ. సైరన్ మోగగానే అందరం మెస్ హాల్లోకి. కిటికీలకి ముందే ప్లాస్టిక్ అంటించి ఉంచాం. ముడుల బిళ్ళవాడు తన గదివాళ్ళని పేరు పేరునా పిలిచి, అందరూ పలికితే తలుపు దగ్గర నిలబడ్డ హవల్దారు గారికి "పూర్తి" అని చెప్పాలి. ఎనిమిది "పూర్తి"లు వినపడ్డాకే తలుపు వేసి, కింద సందులో తడి దుప్పటి కుక్కుతారు. తలలు లెక్కపెట్టొద్దని వందసార్లు చెప్పి ఉంటారు. "తలలు ఎవరివైనా తలలే. పేరుకి పలికేవోడే నీవోడు" అనేవారు.

ఆ రోజు శుక్రవారం. శుక్రవారమంటే మాకు సెలవు, చుట్టాల రోజు. మా బావమరిది అరాద్‌లో ఒక అరబ్బుల ఇంట్లో డ్రైవరు. చేపల పులుసు చేశానంటే ఎక్కడున్నా వాలిపోతాడు. భోజనాలవుతుండగా సైరన్ మోగింది. చేతులు కూడా కడుక్కోకుండా హాల్లోకి వెళ్ళాం. అప్పటికి సైరన్లు మాకు అలవాటైపోయాయి. నేను పేర్లు పిలవలేదు. మా మూల ఒకసారి చూశాను, నాతో కలిపి పదిమంది ఉన్నారు. "పూర్తి" అన్నాను. తలుపు పడింది.

రెండు నిమిషాల తర్వాత బావమరిది నా చెవిలో, "బావా, మీ గవర్రాజుకి వాళ్ళూరివాళ్ళు ఉత్తరం ఇచ్చారు. ఏడీ వాడు?" అన్నాడు.

పదో తల మా బావమరిదిది. వాణ్ణి పరాయివాడిగా నా కళ్ళు చూడలేదు. మా కంచంలో తిన్నవాడు మావాడే అనుకున్నాయి. గవర్రాజు శుక్రవారం మధ్యాహ్నం క్యాంపు వెనక నీళ్ళ ట్యాంకు దగ్గర బట్టలు ఉతుక్కుంటాడు. కుళాయి చప్పుడులో, ఆ చెవులకి సైరన్ ఎక్కడ వినపడుతుంది? లేచి వెళ్ళి హవల్దారు గారికి చెప్పాను. ఆయన ఎందుకని అడగలేదు. తన గ్యాస్ మాస్కు తీసుకుని, "నేనెళ్ళగానే ఏసెయ్యండి" అని తలుపు తీసుకుని వెళ్ళిపోయారు.

కిటికీ ప్లాస్టిక్ పక్కన చిన్న సందుంది. అందులోంచి చూస్తూ నిలబడ్డాను. జన్మలో అంత భయం నాకెప్పుడూ వేయలేదు. అది నా ప్రాణం గురించి కాదు. కాసేపటికి ఇద్దరూ కనపడ్డారు. మాస్కు గవర్రాజు మొహాన ఉంది. హవల్దారు గారి మొహం ఖాళీ. ఒక చేత్తో గవర్రాజు జబ్బ పట్టుకుని వేగంగా నడిపించుకొస్తున్నారు. గవర్రాజు మాత్రం ఉతికిన బట్టల బకెట్టు వదలకుండా మోసుకొస్తున్నాడు.

ఆ రోజు ఏమీ పడలేదు. ఖలాస్, అంతా అయిపోయిందన్న సైరన్ మోగాక క్యాంపు బాస్ వచ్చి లెక్క ఎవరిదని కేకలేశాడు. నేను లేచాను. నోరు తెరిచేలోపే హవల్దారు గారు, "నాదే సాబ్. పేర్లు అడక్కుండా తలుపేశాను" అని, నా వైపు తిరిగి, "కూర్చో" అన్నారు. కూర్చున్నాను. ఆయన టోపీ నుంచి రెండు కొమ్ముల బిళ్ళ విప్పి, ఐదో గది ఫోర్‌మన్ చేతిలో పెట్టారు. ఎనభై మందీ చూశారు.

సాయంత్రం స్టోర్‌కి వెళ్ళి నా బిళ్ళ ఆయన ముందు పెట్టాను. తీసుకోలేదు.

"అడక్కపోవడం నా తప్పే, అబద్ధం కాదు. మరి నీ తప్పు నీకు తెలిసింది కదా? ఇంక నువ్వు తలలు లెక్కెడతావా?"

"చచ్చినా పెట్టనండీ."

"అయితే నీకన్నా మంచోణ్ణి నేనెక్కడ తేను? కొత్తోడికిస్తే ఆడు మళ్ళీ ఇదే తప్పు చేసి నేర్చుకోవాల. ఉంచుకో. నా పేరు కూడా నీ జాబితాలో రాసుకో. బిళ్ళ లేనోడు ఏదో ఒక గది లెక్కలో ఉండాల గదా."

మర్నాడు పొద్దున డ్యూటీకి వెళ్ళేముందు మా గదివాళ్ళు మెస్ హాల్లో వరసలో నిలబడ్డారు. చివర, గవర్రాజు పక్కన, ఆయన. వయసులో నాకు తండ్రిలాంటి మనిషి, మడమలు కలిపి, చేతులు కిందికి చాచి, నా ఎదుట. ఒక్కో పేరూ పిలిచాను. ఒక్కొక్కడూ పలికాడు. జాబితాలో పదకొండోది ఆయన పేరు. ఇంటిపేరుతో సహా పిలిచాను. ఆ పేరుని నేనెప్పుడూ నోటితో అనలేదు. అప్పటిదాకా నన్ను "ఒరే అబ్బాయ్" అని తప్ప ఇంకోలా పిలవని మనిషి, నా కళ్ళలోకి సూటిగా చూసి, హాలంతా వినపడేలా జవాబిచ్చారు.

"ఉన్నానండీ."