మిరప సాళ్లలో భిన్నాలు

నాలుగో తరగతికి భిన్నాలు చెప్పాలంటే నాకు తల ప్రాణం తోకకొస్తుంది. ఆ ఏడు కూడా పుస్తకంలోని రొట్టె బొమ్మే బోర్డు మీద గీసి, "సగం కావాలా, నాలుగో వంతు కావాలా?" అని అడిగాను. అందరూ సగం అని అరిచారు. ఒక పిల్ల మాత్రం నాలుగో వంతే చాలంది.

"ఏమ్మా, ఆకలి లేదా?"

"నలుగురం పంచుకుంటే పని తొందరగా అయిపోద్ది గదా టీచర్!"

వాళ్లది కౌలు మిరపచేను. బడి లేని రోజున ఆ పిల్ల తల్లి పక్కనే కాయ కోస్తూ ఉంటుంది. వంతు అంటే ఆమెకు తినేది కాదు, చేయాల్సింది. ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. రొట్టె చెరిపేసి మిరప సాలు గీశాను. సాలును రెండు భాగాలు చేసి ఒకటి కోసినా, నాలుగు చేసి రెండు కోసినా ఆగేది ఒకే మొక్క దగ్గరని తనే చెప్పింది. ఏది పెద్దదో తేల్చాలంటే రెండు సాళ్లనూ ఒకే లెక్కన ముక్కలు చేయాలని కూడా నాలుగు రోజుల్లో పట్టేసింది.

మా ఊళ్లో బడి అయిదు వరకే. ఆ తర్వాత ఆడపిల్లలు కోతలకు పోవడమే. అందుకే ఆమె చేత గురుకులం ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెట్టించాను. అయిదులో చేరడానికి ఆ ఒక్కసారే అవకాశం.

"సీటొస్తే పంపిస్తానండీ. రాకపోతే ఇంక నాతోనే," అని వాళ్లమ్మ తేల్చేసింది.

పరీక్ష రోజు తెల్లారేసరికి మబ్బు పట్టింది. కల్లంలో ఆరబోసిన కాయ తడిస్తే ఏడాది కష్టం మట్టిపాలే. నేను ఆటో తీసుకుని వెళ్లేసరికి ఇంటిల్లిపాదీ కాయ కుప్ప చేసి టార్పాలిన్ పట్టాలు కప్పుతున్నారు. పిల్ల కూడా. టైమవుతోందని పిల్లను కేకేశాను. సబ్బుతో చేతులు కడుక్కుని ఆటో ఎక్కింది. మిరప మంట సబ్బుకు పోదని ఇక్కడ పుట్టినదాన్ని, నాకు తెలియదా? దారి పొడుగునా "కళ్లు ముట్టుకోకే తల్లీ" అంటూనే ఉన్నాను.

పరీక్ష గది రేకుల షెడ్డు. ఉక్కకు చెమట కంట్లోకి దిగితే చేత్తో తుడుచుకుందట. ఇంక పరీక్షంతా కుళాయి దగ్గరే గడిచిపోయింది. బయటికొచ్చేసరికి రెప్పలు వాచి, కళ్లు తెరవలేకపోతోంది.

"ఏం రాశావమ్మా?"

"పేరు రాశా టీచర్. ఇంకేం కనపడలా."

ఆమెను మెట్ల మీద కూర్చోబెట్టి, తడిపిన కొంగు కళ్ల మీద ఒత్తుతూ, పరీక్ష రాసొచ్చిన పక్క ఊరి పిల్ల దగ్గర ప్రశ్నపత్రం అడిగి తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో నాకే తెలియదు. పైకి చదివాను.

"రెండు బై మూడు పెద్దదా, మూడు బై అయిదు పెద్దదా?"

కళ్లు మూసుకునే చెప్పింది. "రెండిట్నీ పదిహేను ముక్కలు చేస్తే పది, తొమ్మిది. రెండు బై మూడే పెద్దది టీచర్."

తర్వాతది అడిగాను. అదీ కరెక్టే. ఒక్కటైనా తప్పు చెప్పవే, నా మనసు కాస్త కుదుటపడుతుంది అని లోలోపల బతిమాలుకుంటూ చివరిదాకా చదివాను. ఒక్కటీ తప్పు చెప్పలేదు.