రీగానా, టాలిన్‌నా: ఇద్దరు వియ్యంకుల టూరు

2023 ఏప్రిల్‌లో నేను అమలాపురంలో టెరిటరీ మేనేజరుగా ఉన్నాను. రొయ్యల మేత తయారుచేసే ఒక కంపెనీలో అది నా చివరి పోస్టింగు. రిటైర్మెంటుకు ఇంకో ఏడాది ఉంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట నా పరిధి. టెరిటరీ మేనేజరు అంటే వినడానికి ఘనంగానే ఉంటుంది. పైన ఏరియా మేనేజరు, ఆ పైన భీమవరంలో కూర్చునే రీజనల్ మేనేజరు, కింద చెరువు గట్ల మీద తిరిగే ఫీల్డు సిబ్బంది. అందరి తిట్లూ వచ్చి కలిసేది మాత్రం మా దగ్గరే.

ఏ కంపెనీ మేత బస్తా రైతు చెరువు గట్టుకు చేరాలన్నది చాలావరకు డీలరు చేతిలో ఉంటుంది. అందుకని కంపెనీలు సీజనుకొక లక్ష్యం పెట్టి, దాన్ని దాటిన డీలర్లను భార్యలతో సహా విదేశం తిప్పి తీసుకొస్తాయి. దీన్నే మేం డీలర్ల టూరు అంటాం. బ్యాంకాక్, దుబాయ్, బాకూ అప్పటికే అయిపోయాయి. చూసిన ఊరే మళ్ళీ చూపిస్తే డీలరు దాన్ని టూరనడు, అవమానం అంటాడు. ఆ ఏడు హెడ్డాఫీసువాళ్ళు బాల్టిక్ దేశాల మీద వేలు పెట్టారు. అక్కడి ఇంకో రాజధాని విల్నియస్ కూడా మొదట్లో అనుకున్నారట గాని, సముద్రం లేని ఊరు రొయ్యలవాళ్ళకెందుకని ఎవరో పెద్దాయన కొట్టేశారు. ఇక మిగిలినవి ఎస్తోనియా రాజధాని టాలిన్, లాత్వియా రాజధాని రీగా. ఒక బ్యాచి అటు, ఒక బ్యాచి ఇటు. ఎవరికే ఊరు కావాలో కనుక్కుని పైకి పంపడం నా పని.

"మ్యాపులో పక్కపక్కనే ఉన్నాయి కదండీ, రెండూ చూపించేయొచ్చు కదండీ" అని అడగని డీలరు లేడు. మ్యాపులో ఆ రెండింటికీ మధ్య వేలెడు దూరమే. నేల మీద బస్సులో నాలుగు గంటల పైమాట. దేశం మారుతున్నప్పుడు మధ్యలో తనిఖీ ఉండదు, ఒకే వీసా రెండింటికీ చెల్లుతుంది. చిక్కల్లా దరఖాస్తులోనే ఉంది. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే ఫైలు పెట్టాలి. హోటలు బుకింగు, వేలిముద్రలకు హైదరాబాదులో ఇచ్చే టైము, అన్నీ దాన్ని బట్టే నడుస్తాయి. ఫైలు ఒకసారి కదిలిందంటే వెనక్కి లాగడం మా తరం కాదు. డీలర్లందరి ఎంపికా సోమవారం సాయంత్రానికల్లా చేరాలని మెయిలు వచ్చింది.

నలుగురు డీలర్లు ఒక్క ఫోనుతో తేల్చేశారు. మిగిలిన ఇద్దరి గురించే ఈ కథంతా.

అమలాపురం డీలరు వీర్రాజుగారు. రాజోలు డీలరు దేవసహాయంగారు. వాళ్ళిద్దరూ వియ్యంకులు. కాకపోతే ఆ మాట ఇద్దరిలో ఒక్కరూ ఎప్పుడూ అనలేదు. వీర్రాజుగారబ్బాయి ప్రసాదు, దేవసహాయంగారమ్మాయి షీబా కాకినాడలో కలిసి చదువుకుని, అక్కడే బ్యాంకు ఉద్యోగాలు తెచ్చుకుని, రెండేళ్ళ కిందట రిజిస్టరు పెళ్ళి చేసుకున్నారు. ఇద్దరి ఇళ్ళలోనూ ఎవరూ అరవలేదు, శపించలేదు. మా వైపు కోపానికి కూడా మర్యాద ఎక్కువ. రావద్దని ఎవరూ అనలేదు, రమ్మనీ ఎవరూ పిలవలేదు. మార్కెట్లో వీర్రాజుగారు ఆయన్ని "రాజోలు పార్టీ" అనేవారు. ఆయన ఈయన్ని "అమలాపురం ఆయన" అనేవారు. డీలర్ల మీటింగుల్లో ఒకరు ముందు వరసలో కూర్చుంటే రెండోవారు టీ డ్రమ్ము దగ్గర నిలబడేవారు.

పిల్లలకు ఒక పాప పుట్టింది. ఆగస్టులో మొదటి పుట్టినరోజు. తాతలిద్దరూ కలిసి వస్తేనే చేస్తామనీ, లేకపోతే ఎవర్నీ పిలవకుండా తాము ముగ్గురే కేకు కోసుకుంటామనీ పిల్లలు తేల్చి చెప్పేశారు. ఈ సంగతి నాకు చెప్పింది వీర్రాజుగారి భార్య సత్యవతిగారు. కొట్టు వెనక గదిలో నాకు కాఫీ ఇస్తూ, "ఆ పిల్ల నా ఒళ్ళోకి ఇంతవరకు రాలేదండీ, ఫోన్లో చూడ్డవే" అన్నారు. అన్నాక కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయారు. 

గురువారం వీర్రాజుగారిని కలిశాను. ఆయన టాలిన్ ఫోటోలో కోట గోడ కేసి చాలాసేపు చూసి, "ఇది బాగుందండి" అన్నారు. వెంటనే, "రాజోలు పార్టీ ఏం చెప్పేరండి?" అని అడిగారు. ఇంకా అడగలేదన్నాను. మధ్యాహ్నం రాజోలు వెళ్ళాను. దేవసహాయంగారు తమ చర్చిలో ఆదివారం ఆరాధనకు కీబోర్డు వాయిస్తారు. రీగా కతీడ్రల్లో పాతకాలపు పెద్ద ఆర్గన్ ఉందని ఎక్కడో చదివారట. రీగా అన్నారు. అని, "అమలాపురం ఆయన ఎటండి?" అన్నారు. టాలిన్ అని చెప్పాను. "ఆయ్" అని తలూపారు.

ఆ రాత్రే వీర్రాజుగారు ఫోను చేసి, రాజోలు వాళ్ళు రీగా అన్నారని నా నోటితో చెప్పించుకుని, తనకూ రీగాయే రాయమన్నారు. తెల్లారేసరికి దేవసహాయంగారు తన పేరు టాలిన్‌కు మార్చమని మెసేజి పెట్టి ఉన్నారు. కోట గోడ బాగుందట. సరేనని ఒకరి మార్పు ఇంకొకరికి చెప్పాను. మధ్యాహ్నానికి ఇద్దరూ మళ్ళీ మారిపోయారు. ఈయన టాలిన్, ఆయన రీగా. మొదటికొచ్చాం.

సఖినేటిపల్లి రేవులో ఒకసారి ఇద్దరు పెద్దమనుషులు "మీరెక్కండి" అంటే "అబ్బే, ముందు మీరెక్కండి" అనుకుంటూ ఉండగా నది దాటించే పంటు కదిలిపోవడం నేను కళ్ళారా చూశాను. ఇద్దరూ ఒడ్డున నిలబడి నవ్వుకున్నారు. అక్కడైతే కాసేపాగితే ఇంకో పంటు వస్తుంది. ఇక్కడ సోమవారం సాయంత్రం దాటితే ఏమీ రాదు.

భీమవరానికి ఫోను చేస్తే రీజనల్ మేనేజరు తేలిగ్గా తీసిపారేశారు. ఎప్పుడు చూసినా ఇద్దరూ చెరో ఊరూ అంటున్నారు కాబట్టి ఒకరినొకరు తప్పించుకుంటున్నట్టే లెక్కట. చెరో బ్యాచిలో వేసి చేతులు దులుపుకోమన్నారు. ఆయనకు కనిపించింది చివరి జవాబే. వాళ్ళు ఒకరి వైపు ఒకరు నడుస్తూ దారిలో దాటిపోతున్నారని నేను చూశాను. అయినా ఇద్దర్నీ ఒకే బ్యాచిలో వేయడానికి నాకూ ధైర్యం చాల్లేదు. ఎందుకంటే మా వైపు ఎదుటివారికి దారి ఇవ్వడం వేరు, వాళ్ళతో కలిసి నడవాలనుకోవడం వేరు. ఇది ఉత్త మర్యాదే అయితే? ఇష్టంలేని ఇద్దర్ని ఒకే బస్సులో, ఒకే హోటల్లో ఆరు రోజులు కట్టేసినట్టవుతుంది. అక్కడ ఒక మాట తూలితే ఆగస్టులో ఆ పాప పుట్టినరోజుకు ఏ తాతా ఉండడు. పోనీ, "ఆయన మీ కోసమే మారుతున్నారండీ" అని ఒకరికి చెప్పేద్దామంటే రెండోవారికి పరువు పోయినట్టు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో చెరువు చెరువంతా తెల్లారేసరికి చచ్చి తేలిన రోజులు చూశాను. అప్పుడు కూడా ఇంత గాభరా పడలేదు.

శనివారం దిండిలో నది ఒడ్డునున్న ఒక రిసార్టులో డీలర్ల మీటింగు పెట్టుకున్నాం. భోజనాలయ్యాక దేవసహాయంగారు టీ డ్రమ్ము దగ్గర ఉండిపోతే, మిగతావాళ్ళు హౌస్‌బోటు వైపు వెళ్ళారు. వీర్రాజుగారు ఒక్కరే మెట్ల మీద కూర్చున్నారు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. మా ఉద్యోగంలో ఒక అలవాటుంది. కొత్త మేత వచ్చినప్పుడు, ఎలా ఉందని రైతుని అడిగితే బాగుందండీ అంటాడు. మొహమాటం. పాత మేతలో ఏది వద్దో చెప్పమంటే గబగబా చెప్పేస్తాడు. అది గుర్తొచ్చి, "ఏ ఊరు కావాలో అడగనండి. ఏది వద్దో చెప్పండి చాలు" అన్నాను.

వీర్రాజుగారు నీళ్ళ వైపు చూస్తూ, "ఆయన లేని ఊరు వద్దండీ" అన్నారు.

రాజోలు పార్టీ అనలేదు. నాకు ఊపిరి సగం వచ్చింది. మిగతా సగం కోసం టీ డ్రమ్ము దగ్గరికి వెళ్ళాను. దేవసహాయంగారినీ అదే అడిగాను. ఆయన కప్పు కింద పెట్టి, "వేరే వేరే ఎల్డం వద్దండి మేనేజరుగారూ. అది తప్ప ఏదైనా సరే" అన్నారు. మళ్ళీ తనే, "ఇక్కడైతే వాళ్ళోళ్ళూ మావోళ్ళూ అందరూ చూస్తారు కదండీ. అక్కడ మనల్నెవరు చూస్తారు" అన్నారు.

ఇక ఏ ఊరన్నది తేలాలి. మగవాళ్ళిద్దర్నీ మళ్ళీ కదిపితే మళ్ళీ దాటిపోతారు. అందుకని దేవసహాయంగారి భార్య రత్నం టీచరుగారి దగ్గరికి వెళ్ళి అదే ప్రశ్న అడిగాను. రిటైరైన లెక్కల టీచరు. జవాబుకి ఆలోచించలేదు. "మెట్లూ గుట్టలూ వద్దండీ బాబూ, మోకాళ్ళు" అన్నారు. టాలిన్ పాత ఊరు కొండెక్కి ఉంటుంది. రీగా చదును నేల, పక్కన పెద్ద నది. సత్యవతిగారికి ఫోను చేస్తే, టీచరుగారు నడవలేని చోటు తనకూ వద్దన్నారు. ఆ మాటతో నేను మేనేజరుగిరీ చేసేశాను. సోమవారం పొద్దున్నే రెండు జంటలకూ రీగా అని పంపించి, ఇద్దరికీ ఒకే మెసేజి పెట్టాను. కంపెనీ కేటాయించింది, ఇక మార్చడానికి వీల్లేదు అని.

ఇద్దరి నుంచీ జవాబు వెంటనే వచ్చింది. ఎవరి మాటా నెగ్గలేదు, ఎవరూ తగ్గలేదు. కంపెనీ వేసింది. అంతకంటే సుఖం లేదన్నట్టు ఇద్దరూ రెండేసి దణ్ణాల బొమ్మలు పెట్టారు. రీజనల్ మేనేజరు మాత్రం ఏదైనా గొడవైతే బాధ్యత నాదేనని మెయిలు కొట్టారు. ఆయ్ సార్ అన్నాను.

జూన్‌లో ఢిల్లీ మీదుగా బయల్దేరాం. ఇస్తాంబుల్‌లో విమానం మారాలి. రెండు బ్యాచిలూ విడిపోయేది అక్కడే, టాలిన్‌వాళ్ళు ఒక గేటు, రీగావాళ్ళు ఇంకో గేటు. నేను రీగా బ్యాచికి ఎస్కార్టుని. గేటు దగ్గర తలలు లెక్క చూసుకుంటుంటే వీర్రాజుగారూ, దేవసహాయంగారూ నాలుగు కుర్చీల ఎడంతో కూర్చుని ఉన్నారు. కుర్చీలు నాలుగే, గేటు ఒకటే. అప్పటికి అది చాలనిపించింది.

రీగాలో రెండో రోజు పెద్ద బజారుకు తీసుకెళ్ళాం. విమానాల షెడ్లంత ఎత్తు కమానుల కింద కూరలూ, మాంసం, చేపలూ. మా డీలర్లకు కోటలూ బొమ్మలూ గంటలో మొహం మొత్తాయి గాని చేపల షెడ్డులోంచి బయటికి లాగడం నా వల్ల కాలేదు. ఒక బల్ల మీద పొగపెట్టిన పొడుగాటి చేపలు పరిచి ఉన్నాయి. వీర్రాజుగారు వంగి చూసి, ఎవరికీ కాకుండా, "మన బొమ్మిడాయిలా లేదూ?" అన్నారు. వెనక నుంచి దేవసహాయంగారు, "బొమ్మిడాయి ఇంత లావుంటుందేంటండీ" అన్నారు.

రెండేళ్ళలో వాళ్ళిద్దరి మధ్య అదే మొదటి మాట. సత్యవతిగారు, టీచరుగారు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఏమీ ఎరగనట్టు టమాటాల దగ్గరికి జరిగారు. ఆ చేప దేని మేత తింటుంది, చెరువుదా సముద్రానిదా అన్న వాదన బజారులో మొదలై భోజనం దాకా నడిచింది. సాయంత్రం కతీడ్రల్లో ఆర్గన్ కచేరీకి వీర్రాజుగారు కూడా వచ్చారు. వియ్యంకుడి పక్క కుర్చీలో కూర్చుని, మధ్యలో కాస్త కునికిపాటు పడ్డా చివరిదాకా లేవలేదు.

బయటికొచ్చేసరికి ఇంకా ఎండగానే ఉంది. అక్కడ వేసవిలో అంతే. నది గట్టు మీద బెంచీ చూసి అందరూ కూర్చున్నారు. వీర్రాజుగారు ఫోను తీసి కొడుక్కి వీడియో కాలు చేశారు. ప్రసాదు పాపని ఎత్తుకుని కనిపించాడు. వీర్రాజుగారు క్షేమం అడగలేదు, ఊరి కబురు చెప్పలేదు. ఫోను పక్కకి చాపుతూ, "ఇదిగో, మీ మావయ్యగారు మాట్లాడతారంట, ఉండు" అన్నారు.

దేవసహాయంగారు ఫోను రెండు చేతుల్తో పట్టుకున్నారు. "బాబూ, పాప అన్నం తిందా?" అన్నారు.  అవతల నుంచి షీబా ఏడుపు వినిపించింది. నేను లేచి నది వైపు నడిచాను. ఏప్రిల్ నుంచి ఛాతీ మీద మోస్తున్న బరువు ఎక్కడో దింపేసినట్టయింది. ఆ ఊళ్ళో నేను చూసింది పెద్దగా ఏమీ గుర్తులేదు గాని, ఆ గట్టు గుర్తుంది.

ఆగస్టులో కాకినాడలో పుట్టినరోజు జరిగింది. తాతలిద్దరూ వచ్చారు. గుమ్మం దగ్గర ముందు మీరంటే మీరని కాసేపు ఆగిపోతే, రత్నం టీచరుగారు ఇద్దర్నీ వెనక నుంచి తోశారట.

మిగిలిన సర్వీసులో నేను ఏ డీలరునూ ఏం కావాలని అడగలేదు. ఏది వద్దో అడిగేవాణ్ణి. మా వైపు కావాల్సింది చెప్పడానికి మర్యాద అడ్డొస్తుంది, వద్దన్నది చెప్పడానికి అంత అడ్డు రాదు. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. ఇద్దరు మర్యాదస్థులు ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ నిలబడిపోయినప్పుడు నిర్ణయం మూడోవాడే చేయాలి. చేసి, కంపెనీ చేసిందని చెప్పాలి.