మా ఇంటి కన్వర్టమ్మ

నిన్న పొద్దున దేవుడి దగ్గర దీపం పెట్టి లేస్తుంటే ఫోన్ మోగింది. సునంద కూతురు.

“పెద్దమ్మా... అమ్మ లేదు.”

“ఏడికి పోయింది బిడ్డా?” అని అడిగాను.

ఆ పిల్ల ఏడుపు విన్నాక గానీ అర్థం కాలేదు. గుండెపోటు. వనపర్తి దవాఖానకు తీసుకుపోతుండగానే దారిలో అయిపోయిందట.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

కొత్తకోటలో మా పక్కిల్లే వాళ్లది. మేము గుడికి, వాళ్లు చర్చికి. మధ్యలో ఒక్కటే గోడ. కూర గిన్నెలైనా, ముచ్చట్లైనా ఆ గోడ మీదుగానే.

మా అత్తమ్మకు చూపు పోయింది. మంచం కూడా దిగలేదు. మామయ్య పోయాక ఆమె అడిగింది ఒక్కటే. “మీ మామ గొంతు ఇనాలె.”

బీచుపల్లి ఆంజనేయస్వామి గుడిలో మామయ్య పాడిన భజన ఒకసారి లోకల్ కేబుల్‌లో వచ్చింది. మా వారు టీవీకి పెన్ డ్రైవ్ పెట్టి రికార్డ్ చేశారు. ఆయన గొంతు మా దగ్గర ఉన్నది అదొక్కటే.

ఆ ఫైల్ ఆ టీవీలో తప్ప ఎక్కడా రాదు. ఫోన్‌లో తెరుచుకోదు. ఆ టీవీ ఏమో ఇవాళో రేపో అన్నట్టుంది.

సునంద టీవీలో వచ్చే ప్రార్థనలు రికార్డ్ చేసుకుని, ఆన్‌లైన్‌లో ఆడియోగా మార్చి, వంట చేస్తూ వినేది. పెన్ డ్రైవ్ ఇచ్చి సంగతి చెప్పాను.

“గింతేనా అక్కా! కన్వర్ట్ చేస్త తీ” అంది గోడ అవతల నుంచి.

లోపల అత్తమ్మ చెవిన పడింది.

“ఎవర్ని కన్వర్ట్ చేస్తదంటనే?”

“మామయ్యను అత్తమ్మా” అన్నాను, ఏదో పనిలో ఉండి.

ఇక చూడాలి!

“పోయిన మనిషిని గూడ ఇడ్వరా? జన్మంత ఆంజనేయస్వామి భజన జేసినోడు! నేనుండంగ ఎట్ల చేస్తదో చూస్త!”

సునంద నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుని కూర్చుంది. తర్వాత వచ్చి, మంచం పక్కన కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుంది.

“అవ్వా, తాత మతం ఏం మారదు. బొమ్మ పోతది, గొంతు ఉంటది. గంతే.”

అత్తమ్మ ఆ చెయ్యి నొక్కింది.

“నాకు బొమ్మతోని పనేంది? చెయ్యి.”

పని తేలిగ్గా కాలేదు. ఫైల్ పెద్దది. మా గల్లీలో సిగ్నల్ అంతంతే. సగం అప్‌లోడ్ అయి ఆగిపోయేది. సునంద ఎండలో కొంగు కప్పుకుని డాబా మీద కూర్చుంది.

“అక్కా, నువ్వు మీ స్వామికి మొక్కు, నేను మా ప్రభువుకు మొక్కుత. ఎవరికి ముందు సిగ్నల్ దొరుకుతదో చూద్దాం!”

సాయంత్రానికి వాట్సాప్‌లో ఆడియో వచ్చింది. దాని వెనకే ఆమె వాయిస్ మెసేజ్.

భజనకు ముందు విత్తనాల యాడ్ కూడా వచ్చింది. సునంద కట్ చేస్తానంటే అత్తమ్మ ఒప్పుకోలేదు. “ఉండనియ్యి. గా యాడ్ అయినంకనే ఆయన వస్తడు.”

ఆ రోజు నుంచి సునంద మా ఇంట్లో కన్వర్టమ్మ అయింది. రోజూ పొద్దున భజన వినపడగానే గోడ అవతల నుంచి అడిగేది.

“తాత మారిండా అవ్వా?”

“లేదే కన్వర్టమ్మా! ఇంక మా స్వామినే పట్టుకున్నడు!”

నిన్న భజన పెట్టడానికి నాకు చేతులు రాలేదు. అత్తమ్మే అడిగింది.

“కన్వర్టమ్మ సప్పుడు లేదేంది ఇయ్యాల?”

చెప్పాను.

భజన పెట్టనా అంటే వద్దంది.

“ఆమె గొంతు ఉన్నదా మన దగ్గర?”

ఫోన్ అంతా వెతికాను. ఫోటోలు ఎన్నో ఉన్నాయి. అత్తమ్మకు ఫోటోలతో పనేముంది?

చివరికి ఆనాటి వాయిస్ మెసేజ్ దొరికింది. ఆమె చెవి దగ్గర పెట్టాను.

“అక్కా, అయింది. అవ్వకు ఇనిపియ్యి.”

అత్తమ్మ గోడ వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది.

“ఇన్న బిడ్డా” అంది.

పోయి రా సునందా.
నీ ప్రభువు నిన్ను తన దగ్గర చల్లగా ఉంచాలని ఇవాళ మా స్వామికి దీపం పెట్టాను.