నా పాదం మంటనూ, పైడమ్మ మీది నిందనూ తీసివేసిన దేవుడు

సహోదరులారా, సహోదరీలారా, కాలు నేల మీద మోపాలంటేనే వణికిపోయిన దినాలు నేను చూశాను! నా పేరు సలోమి. నెల్లిమర్లకు దగ్గరలోని ఒక పల్లెలో ఉంటాను, ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతాను. మా పుట్టింటివారు తాతల నాటి నుంచి బాప్టిస్టు సంఘానికి చెందినవారు. మెట్టినింట్లో నేనూ నా భర్తా మాత్రమే ప్రభువును నమ్ముకున్నాం. మా అత్త తన అమ్మవారికి మొక్కుకునేది గాని, నన్ను మందిరానికి వెళ్లొద్దని ఎన్నడూ అనలేదు. మా పక్క గదిలో నా తోటికోడలు పైడమ్మ ఉండేది. మా మరిది జ్వరంతో చనిపోయాక, పిల్లాజెల్లా లేని ఆమె పుట్టింటికి పోకుండా మాతోనే ఉండిపోయింది.

మొదట నా కుడి పాదంలో, నడిమి వేలికీ దాని పక్క వేలికీ మధ్య, వేళ్ల మొదట్లో ఉండే మెత్తలో, చెప్పులో గులకరాయి పడినట్టుగా ఉండేది. చెప్పు విప్పి దులిపితే ఏమీ ఉండేది కాదు! పోనుపోను ఆ రాయి నిప్పుకణికె అయింది, మంట వేళ్లలోకి పాకేది, ఆ రెండు వేళ్లూ మొద్దుబారిపోయేవి. ఒకనాడు బడిలో అన్నం గుండిగ దించుతుంటే పాదంలో కరెంటు కొట్టినట్టయి, గుండిగ చేతిలోంచి జారిపోయి, మరిగే గంజి బండలంతా పారింది. పిల్లలు ఇంకా తరగతుల్లోనే ఉన్నారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈ వేళ మీ ముందు ఏ ముఖం పెట్టుకుని నిలబడేదాన్ని! దేవునికి స్తోత్రం.

ఊళ్లో వైద్యం చేసే ఆయన మాత్రలిచ్చాడు, తగ్గలేదు. ఎక్స్‌రే తీయించాం, ఎముక బాగానే ఉందన్నారు. నా భర్త భోగాపురంలో విమానాశ్రయం పనుల్లో ఉండి ఆదివారాలకే ఇంటికి వచ్చేవాడు. మిగతా రోజుల్లో సాయంత్రమయ్యేసరికి పైడమ్మే నా కాలు తన ఒళ్లో పెట్టుకుని, గోరువెచ్చని నూనె రాసి, వేళ్లు ఒక్కొక్కటీ మెల్లగా నిమిరేది. అలా నిమురుతుంటే కాసేపు ప్రాణం లేచొచ్చేది.

సహోదరులారా, ఆ నూనే ఆమె మెడకు ఉరి కాబోయింది! ఎక్స్‌రేలో కనబడని నొప్పి ఏమిటి, ఇది చిల్లంగి, అంటే చేతబడే అని వీధిలో ఆడవాళ్లు గుసగుసలాడారు. ఆ మాట మా అత్త చెవిలో పడింది.

"ఒసే సలోమీ, నీకు తెలవదే," అంది అత్త. "మాపటేలైతే సాలు, అది నీ కాలట్టుకుని కూకుంటాది. మొగుణ్ణి తినేసింది, ఇప్పుడు నిన్ను తింటన్నాది. శుక్కురారం మంత్రాలేసే గురువు వస్తన్నాడు. ఎవులు సేసారో ఆడే సెప్తాడు."

చిల్లంగి పెట్టిందని పేరు పడిన ఒంటరి ఆడదాన్ని ఏం చేస్తారో మన పల్లెల్లో ఎరగనిదెవరు? పైడమ్మకు కూడా సంగతి తెలిసిపోయింది. ఆ సాయంత్రం నూనె గిన్నె తేకుండా, నా గది బయటే నిలబడి, "అక్కా, నీ కాలు ముట్టుకోడానికి బయమేస్తన్నాది," అంది. ఆ మాటకు నా పాదం కంటే నా గుండె ఎక్కువ మండింది.

అంతవరకూ నేను, "ప్రభువా, ఈ నొప్పి తీసివేయి," అనే ప్రార్థించేదాన్ని. ఆనాడు మోకరించి, "తండ్రీ, నా నొప్పి తీస్తే తియ్యి, లేకపోతే ఉంచు, కాని నా కాలు మూలంగా ఈ బిడ్డ పాడైపోకుండా చూడు. నిజం ఏదో నువ్వే బయటపెట్టు, నాయనా!" అని ఏడ్చాను. ఏడ్చి లేచేసరికి నాకు ఒకటే ఆలోచన కలిగింది: గురువు నోటి మాట కంటే ముందు మా అత్త ఒక మంచి డాక్టరు మాట వినాలి.

"విజీనారం పెద్దాసుపత్రికి ఎల్తన్నాను, అత్తా," అన్నాను. "నువ్వూ రా. ఆల్లేటి సెప్తారో నీ సెవుల్తోనే ఇను. పైడమ్మ కూడా వస్తాది, ఆసరా లేకుండా నడవలేను."

అత్త ముఖం ముడుచుకుంది గాని, ఆటో ఎక్కింది.

విజయనగరం ఆసుపత్రిలో డాక్టరమ్మ నా పాదాన్ని రెండు పక్కల నుంచీ అరచేతులతో దగ్గరికి నొక్కి, వేళ్ల మధ్య బొటనవేలితో అదిమింది. లోపల టిక్కుమంది, నేను కేక పెట్టాను! స్కానింగ్ తీయించి, నా చెప్పులు చూపించమంది. ముందు వైపు సన్నగా, వేళ్లన్నీ ఇరుక్కుపోయే చెప్పులు అవి. వంట ఎలా కూర్చుని చేస్తావని అడిగితే మునివేళ్ల మీద గొంతుక్కూర్చుని చూపించాను.

"అదేనమ్మా," అంది డాక్టరమ్మ. "వేళ్లకు పోయే నరం ఎముకల మధ్య నొక్కుకుని నొక్కుకుని ఉబ్బింది. ఎక్స్‌రేలో ఎముకే కనబడుతుంది గాని నరం కనబడదు."

మా అత్త ముందుకు వచ్చింది. "అయితే తల్లీ, ఎవులూ ఏటీ సెయ్యలేదా? నూనె రాసినందుకు రాలేదా?"

"ఎవరో చేస్తే వచ్చేది కాదమ్మా ఇది. నిమిరితే ఈ నొప్పి కాస్త నెమ్మదిస్తుంది. నూనె రాసింది ఎవరో గాని, ఈమెకు మేలే చేశారు."

గోడ పక్కన నిలబడిన పైడమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

శుక్రవారం గురువు రానే వచ్చాడు, వెనకాల వీధి జనం కూడా వచ్చారు. మా అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడి, "ఎల్లిపో నాయినా. మా ఇంట్లో సిల్లంగీ లేదు, గిల్లంగీ లేదు. దాని కాల్లో నరం నొక్కుకున్నాదట, డాక్టరమ్మ నా ఎదరే సెప్పింది," అని అందరూ వినేలా అరిచింది. తలుపు వేసి లోపలికి వచ్చి, "ఒసే పైడీ, కంచం తెచ్చుకో, అన్నం తిందుము రా," అంది. హల్లెలూయ! ఆ పూట మా ఇంట్లో తిన్న అన్నం రుచి నేను చెప్పలేను.

నా నొప్పి ఒక్క ప్రార్థనతో మాయమైందని నేను చెప్పను. వెడల్పాటి మెత్తని చెప్పులు వేసుకున్నాను, వేళ్ల మొదటి మెత్తకు కాస్త వెనకగా ఆనేలా చిన్న దిండు లాంటిది వాటిలో అమర్చారు, గొంతుక్కూర్చోవడం మాని అరుగు మీద పొయ్యి పెట్టించుకున్నాను. కొంత తగ్గి, మళ్లీ తిరగబెట్టింది. అప్పుడు పాదంలో ఇంజెక్షన్ చేశారు. నెలలు పట్టింది. మందు వేసుకుంటే విశ్వాసం తక్కువైనట్టే అని నాతో అన్నవారు కూడా ఉన్నారు, కాని నా దేవుడు ఆ డాక్టరమ్మ చేతుల్లోంచి నన్ను ముట్టాడని నేను నమ్ముతున్నాను. ఈ వేళ బడికి నడిచే వెళ్తున్నాను. ఎక్కువసేపు నిలబడితే ఇప్పటికీ కాస్త తిమ్మిరెక్కుతుంది, కాసేపు కూర్చుంటే పోతుంది. దేవునికే మహిమ!

మా అత్త ఇంకా బాప్తిస్మం తీసుకోలేదు. అయినా ఇంట్లో మేము ప్రార్థన చేస్తుంటే పక్కన కూర్చుని, "నా కోడల్లిద్దర్నీ సూడు తండ్రీ," అంటుంది.

ప్రియులారా, మీలో ఎవరైనా ఎవరికీ కనబడని నొప్పితో నలుగుతుంటే, మీ నొప్పి అబద్ధం కాదు, ఆయనకు అది తెలుసు. ప్రార్థించండి, ప్రార్థించి లేచి డాక్టరు దగ్గరికి వెళ్లండి. మీ వీధిలో ఒక దిక్కులేని ఆడదాని మీద పదిమందీ వేలు చూపిస్తుంటే, వెళ్లి ఆమె పక్కన నిలబడండి. మీకంటే ముందే అక్కడ నిలబడి ఉన్న యేసయ్యను మీరు చూస్తారు. ఆయనను నమ్మండి.