జిన్ను మాట నేర్చుకున్న శనివారం

నా చిన్నప్పుడు మా బడిలో ఒక పద్ధతి ఉండేది. టీచరు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పినవాడు, చెప్పలేనివాడి ముక్కు పట్టుకుని చెంప మీద కొట్టాలి. ఆ పద్ధతి ప్రకారమే ఒకసారి ఇంగ్లీషు క్లాసులో పత్తి వ్యాపారి కొడుకు నన్ను చాచి కొట్టాడు. కొట్టి ఊరుకోలేదు. "జిన్ను కూలోడి కొడుకువి, నీకు ఇంగ్లీషెందుకురా?" అన్నాడు. మా నాన్న పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్నింగ్ మిల్లులో పనిచేసేవాడు. ఊళ్లో అందరూ దాన్ని జిన్ను అనేవారు. క్లాసంతా నవ్వింది. వాడి నోట్లోంచి వచ్చిన ఆ మాటతోనే వాణ్ణి కొట్టాలని అప్పుడే అనుకున్నాను.

మా పక్కింటి అక్క కొత్తగా మా బడిలోనే టీచరుగా చేరింది. ప్రతి శనివారం ఒక ఇంగ్లీషు మాట తీసుకుని దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేది. ఆ సాయంత్రం ఆమె చర్చి నుంచి రాగానే వెళ్లి జిన్ను గురించి చెప్పమని బతిమాలాను. పగ సంగతి దాచాను. ఆమె మురిసిపోయి లావుపాటి నిఘంటువు తెచ్చింది.

"మీ నాన్న మిల్లు మాట ఇంజనులోంచి తెగిన ముక్కరా. మూలం లాటిన్‌లో ఉంది, తెలివి అని అర్థం. జంతువుల్ని పట్టే ఉచ్చునూ అదే మాటతో పిలిచారు. తాగే జిన్ను మాత్రం వేరు. అదో చెట్టు పేరు నుంచి వచ్చింది."

"ఈ శనివారం ఇదే అడగవా అక్కా?" అన్నాను. సరేనంది.

అడిగింది. వ్యాపారి కొడుకు "సారాయండీ" అని ఇకిలించి, ఆపైన ఏమీ చెప్పలేక నిలబడ్డాడు. నేను లేచి అన్నీ గడగడా అప్పజెప్పాను. అక్క "కొట్టడం వద్దులేరా" అనేలోపే వాడి ముక్కు పట్టుకుని కొట్టాను. చాలలేదు. మళ్లీ కొట్టాను. వాడి చెంప మిరపపండయింది.

"ఇప్పుడు చెప్పరా, ఇంగ్లీషు ఎవడికెందుకో!"

అక్క వచ్చి నా ముందు వంగింది. "నిఘంటువు చూసేదాకా నాకూ తెలీదు నాన్నా. పద్ధతి పద్ధతే కదా. నన్నూ కొట్టు."

ఏడ్చి ఆమె కాళ్ల మీద పడ్డానని చెప్పుకోగలిగితే బాగుండేది. కొట్టాను. ఆమె వాడి పక్షం చేరిందనిపించింది నాకు. నా రెండు దెబ్బలకూ ఏడవనివాడు అప్పుడు వెక్కివెక్కి ఏడ్చాడు. అక్క చెంప తడుముకుని, "అయిందిగా. ఇక ఈ క్లాసులో ఎవరూ ఎవర్నీ కొట్టొద్దు" అని పాఠంలోకి వెళ్లిపోయింది.

ఆ తర్వాత కూడా చాలామంది మీద పగ పెంచుకున్నాను. కొందరి మీద తీర్చుకున్నాను. తీర్చుకున్న ప్రతిసారీ నా అరచేతికి అక్క చెంపే తగులుతుంది.